మాండలిన్ కీస్ బాగు చేయించాలా, మార్చేయాలా?

మోహన:
మా మేనమామ వాయించిన ఎనిమిది తీగల మాండలిన్ ఇప్పుడు నా దగ్గరుంది. రెండో జంటలో ఒక కీ (తీగ బిగించే మర) అరచుట్టు తిప్పినా తీగ కదలదు, తర్వాత టక్కుమని శ్రుతి దాటిపోతుంది. వర్ణం సగానికి రాకముందే మళ్లీ దిగిపోతోంది. షాపులో చూపిస్తే సెట్ మొత్తం మార్చేయమన్నారు. నాకేమో పాతవే ఉంచాలని ఉంది. ఎవరైనా ఇంట్లో బాగు చేసుకున్నారా?

శ్రుతిపెట్టె:
అప్పుడే మార్చకండి. ఆ టక్కుమనడం చాలాసార్లు కీది కాదు, నట్ (మెడ పైచివర తీగలు ఆనే చిన్న అడ్డుముక్క) గాడిలో తీగ పట్టేసి ఒక్కసారిగా వదలడం వల్ల వస్తుంది. తీగ వదులు చేసి, గాడిలోంచి పక్కకు తీసి, మెత్తటి పెన్సిల్ ములుకు గాడిలో రుద్ది మళ్లీ పెట్టండి. అరచుట్టు ఖాళీగా తిరగడం మాత్రం కీ సంగతే. వెనక పళ్ల చక్రం మధ్యలో చిన్న స్క్రూ ఉంటుంది, అది కొంచెం బిగించండి, మరీ బిగిస్తే కీ తిరగదు. ఇంకోటి, శ్రుతి ఎక్కువైతే బాగా కిందికి దించి మళ్లీ పైకి తెచ్చి ఆపాలి, అప్పుడు పళ్ల మధ్య సందున్నా తీగ జారదు.

గోదారి గట్టు:
నేను పోయిన వేసవిలో సెట్ మార్చాను, కొలవకుండా ఆన్‌లైన్‌లో తెప్పించి ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను. ఇప్పుడొచ్చే సెట్లలో తీగ చుట్టుకునే కడ్డీకీ కడ్డీకీ మధ్య సుమారు 23 మిల్లీమీటర్లుంటుంది. ఒక్కో సందులో అర మిల్లీమీటరు తేడా ఉన్నా నాలుగో కడ్డీ దగ్గరికొచ్చేసరికి ఒకటిన్నర అవుతుంది, ఇక దూరదు. అందుకే మొదటి కడ్డీ మధ్య నుంచి నాలుగోదాని మధ్యకు కొలవండి, 69 రావాలి. కడ్డీ దూరే రంధ్రం వెడల్పు కూడా చూసుకోండి.

మోహన:
కీస్ బిగించి ఉన్న పట్టీ ఊడదీసి శుభ్రం చేయొచ్చా?

శ్రుతిపెట్టె:
చేయొచ్చు. కానీ తీగలన్నీ ఒకేసారి తీసేయకండి, పొట్ట మీద తీగల్ని మోసే బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల బిగువుకే నిలబడుతుంది. తీసే ముందు దాని చోటు పెన్సిల్‌తో సన్నగా గుర్తు పెట్టుకోండి, లేకపోతే మెట్ల మీద స్వరం తప్పుతుంది. పట్టీ స్క్రూలు చాలా సన్నం, తిరిగి పెట్టేటప్పుడు కొంచెం మైనం రాసి చేత్తోనే తిప్పండి. రంధ్రం వదులైతే పళ్లపుల్ల ముక్కకి కలప జిగురు రాసి దూర్చి, ఆరాక బిగించండి.

అయిదు తీగలు:
నాది మాండలిన్ శ్రీనివాస్ గారి పద్ధతిలో అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్. దానికి విడివిడి గిటార్ కీస్ వేయించాను, ఒకటి పాడైతే ఒక్కటే మారుస్తాను. గమకం కోసం తీగ లాగినప్పుడల్లా శ్రుతి దిగుతుంటే మాత్రం కడ్డీకి చుట్టిన చుట్లు కూడా చూడండి, వదులుగా, ఎక్కువ చుట్లుంటే అవే సర్దుకుంటూ దిగుతాయి.

మోహన:
పెన్సిల్ రుద్దాక టక్కుమనడం పోయింది! స్క్రూ బిగించాక ఖాళీ తిరగడం సగం తగ్గింది, మిగతాది పళ్లు అరిగినట్టే కనిపిస్తోంది. ఈ ఆదివారం మొదటి కడ్డీ నుంచి నాలుగోదాకా కొలిచి ఇక్కడే పెడతాను.