పాత ఒమేగా వాచీ అమ్ముతున్నా, డబ్బు ఎలా తీసుకోవాలి?

సీతమ్మధార_వాచీలు:
ఒమేగా సీమాస్టర్, 1960ల నాటిది, కాలిబర్ (లోపలి యంత్రం మోడల్) 552. 85,000కి పెట్టాను. ఒకాయన బేరమే ఆడకుండా ఒప్పేసుకున్నారు. నేవీలో పనట, డాక్‌యార్డ్ వదిలి రాలేరట. డబ్బు యూపీఐలో వేసి, వాచీకి మనిషిని పంపుతానంటున్నారు. ఐడీ కార్డు ఫొటో కూడా పెట్టారు. ఇచ్చేయొచ్చా అండీ?

గంటల_ముల్లు:
ఇవ్వకండి. పాత సీమాస్టర్ కొనేవాడు ముందు వెనక మూత తీసిన ఫొటో అడుగుతాడు. మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) మీద నంబరు, డయల్‌కి మళ్ళీ రంగు వేశారా, క్రౌన్ (కీ తిప్పే బొడిపె) అసలుదేనా అని ఆరా తీస్తాడు. ఇవేమీ అడగలేదంటే అతనికి వాచీతో పని లేదు. విశాఖలో నేవీ అనగానే నమ్ముతామని ఆ కార్డు. ఎవరి కార్డో ఏమో.

ఇక "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. స్క్రీన్‌షాట్, ఎస్ఎంఎస్ చూసి వాచీ చేతికివ్వొద్దు. బ్యాంకు యాప్ తెరిచి స్టేట్‌మెంట్‌లో 12 అంకెల రిఫరెన్స్ నంబరు, పెరిగిన బ్యాలెన్స్ రెండూ చూడండి.

పాత_హెచ్ఎంటీ:
డబ్బు నిజంగా పడినా ప్రమాదం ఉందండీ, దీని గురించి ఎవరూ చెప్పరు. మోసగాడు మీ ఫొటోలతోనే ఇంకోచోట 60,000కి ప్రకటన పెడతాడు. అక్కడ కొన్న అమాయకుడికి మీ యూపీఐ ఐడీ ఇస్తాడు. మీకు 60,000 పడుతుంది, "మిగతాది మా మనిషి నగదుగా ఇస్తాడు" అంటాడు. వాచీ వాడికి పోతుంది. డబ్బు కట్టినవాడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు మీ ఖాతా మీదికి వస్తుంది. బ్యాంకు ఆ మొత్తాన్ని హోల్డ్‌లో పెడుతుంది, ఒక్కోసారి ఖాతా మొత్తం ఆపేస్తుంది.

అందుకే పంపినవారి పేరు, వాచీ తీసుకునే మనిషి ఐడీలో పేరు ఒకటే కావాలి. తమ్ముడి ఖాతా, ఫ్రెండ్ ఖాతా అంటే డబ్బు ముట్టుకోకుండా బ్యాంకుకి చెప్పండి, వచ్చిన ఖాతాకే తిప్పి పంపించమనండి. చెల్లింపు రిమార్క్స్‌లో "సీమాస్టర్ 552" అని రాయించండి. ఫొటోల్లో వాచీ పక్కన మీ పేరు, తేదీ రాసిన చీటీ పెట్టండి, మూవ్‌మెంట్ మీది నంబరులో చివరి మూడు అంకెలు దాచండి.

సీతమ్మధార_వాచీలు:
చెక్కు ఇస్తానంటే?

గంటల_ముల్లు:
క్లియరయ్యేదాకా వాచీ మీ దగ్గరే ఉండాలి. చెక్కు జమ అని మెసేజ్ వచ్చినా బౌన్స్ అయితే బ్యాంకు వెనక్కి తీసేసుకుంటుంది. ఆర్‌టీజీఎస్‌కి కనీసం 2 లక్షలు ఉండాలి కాబట్టి మీకు నెఫ్ట్ గానీ ఐఎంపీఎస్ గానీ సరిపోతుంది. నగదైతే ద్వారకానగర్‌లో మీ బ్యాంకు బ్రాంచిలోనే కలవండి. కౌంటర్‌లో నోట్లు మెషిన్‌లో లెక్కించి జమ చేశాక, రెండు కాపీల అమ్మకం కాగితం మీద సంతకం పెట్టించుకుని అప్పుడు వాచీ ఇవ్వండి.

పాత_హెచ్ఎంటీ:
ఇప్పటికే పిన్ కొట్టేసి ఉంటే ఈ థ్రెడ్ చదువుతూ కూర్చోకండి, ముందు 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపించాలి.