కాలిఫోర్నియా మిషన్ చర్చిలు కారులో: ఏవి చూడాలి, ఏవి వదిలేయొచ్చు?

చిన్నోడి అమ్మ: మావాడికి నాలుగో తరగతి మిషన్ ప్రాజెక్టు ఉంది. అదే, స్థానిక తెగలవాళ్లను క్రైస్తవంలోకి మార్చడానికి స్పెయిన్ పాద్రీలు పెట్టిన చర్చి కేంద్రాల మీద. సెలవుల్లో శాన్ డియెగో నుంచి ఫ్రీమాంట్ దాకా చూసుకుంటూ వద్దామని. మొత్తం 21 మిషన్లూ చూడలేం. అత్తగారు ఎక్కువ నడవలేరు. దారిలో శాకాహారం దొరుకుతుందా?

101 బండి: శాన్ హువాన్ కాపిస్ట్రానో వదలొద్దు. 1812 భూకంపంలో కూలిన రాతి చర్చి మొండిగోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మార్చి 19న స్వాలో అనే వలస పిట్టలు తిరిగొస్తాయంటారు. మేం ఆరోజే వెళ్లాం, జనం తప్ప పిట్ట లేదు. ఎలాగూ మిషన్‌కీ మిషన్‌కీ ఒక రోజు నడకే, వరసగా తగులుతాయి.

అడోబ్ మేస్త్రి: ఈ ‘ఒక రోజు నడక’ కథ ఇంకెన్నాళ్లండీ? మొదటిది 1769లో శాన్ డియెగో. రెండోది 1770లో ఎక్కడో పైన మాంటెరేలో. మధ్యలో 400 మైళ్లు ఖాళీ! తర్వాత పూడ్చుకుంటూ వచ్చారు, చివరిది 1823లో సొనోమా. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి, తెలిసే చెబుతున్నా.

101 బండి: పూడ్చాక సుమారు 30 మైళ్లే కదా సార్. నేనన్నదీ అదే.

అడోబ్ మేస్త్రి: 30 మైళ్లు ఒక్కరోజులో నడిచి చూపించండి. గుర్రం మీద అనండి, ఒప్పుకుంటా.

ఫ్రీమాంట్ పాతకాపు: మా మిషన్ శాన్ హోసె ఎవరికీ గుర్తు రాలేదా? స్కూళ్ల కోసం ఆ చుట్టుపక్కల ఇళ్లు కొన్న మనవాళ్లలో లోపలికి వెళ్లినవాళ్లెందరు? 1797 నాటిది.

అడోబ్ మేస్త్రి: చర్చి 1868 భూకంపంలోనే పోయింది. మీరు చూసేది 1985లో మళ్లీ కట్టింది. అసలు సరుకు శాన్ మిగెల్. లోపలి గోడల మీద అక్కడి సలీనన్ తెగ జనం వేసిన రంగులు అలాగే ఉన్నాయి. ఫ్లాష్ మాత్రం కొట్టకండి.

నిర్మొహమాటం: రంగులు సరే, ఆ మిషన్లకు ఇటుకలు కోసిన తెగలవాళ్ల సంగతో? బాప్తిస్మం ఇచ్చాక బయటికి పోనివ్వలేదు. పారిపోతే సైనికులు పట్టుకొచ్చి కొరడాలతో కొట్టేవారు. తట్టు లాంటి రోగాలతో వేలమంది పోయారు. మా అమ్మాయి ఇదంతా ప్రాజెక్టులో రాస్తే, టీచరు ‘గంటగోపురం బాగుంది’ అని రాసి ఊరుకుంది.

101 బండి: టూర్ గురించి అడిగితే పాఠం మొదలెట్టారు.

నిర్మొహమాటం: పిల్లాడి ప్రాజెక్టు అంది ఆవిడే! ఈ మిషన్లు మొదలెట్టిన పాద్రీ సెర్రాను 2015లో పోప్ పునీతుడిగా ప్రకటిస్తే అక్కడి తెగలవాళ్లు ఎందుకు నిరసన తెలిపారో వాడికి తెలియక్కర్లేదా?

గుంటూరు మేరీ: కార్మెల్‌లో ఆయన సమాధి దగ్గర మేం ప్రార్థన చేసుకున్నాం. పునీతుడే మాకు. మా అమ్మ అలవాటు కొద్దీ గుమ్మంలోనే చెప్పులు విప్పేస్తే అందరూ చూశారు. శనివారాలు పెళ్లిళ్లుంటాయి, ఫోన్ చేసి వెళ్లండి.

నిర్మొహమాటం: మీ భక్తి మీది, మేరీగారూ. కొరడా దెబ్బలు మాత్రం చరిత్రే.

కొత్తసభ్యుడు: మిషన్ల పైకప్పు పెంకులు తొడల మీద మలిచేవారట, నిజమేనా?

అడోబ్ మేస్త్రి: దేవుడా. చెక్క అచ్చుల మీద!

చిన్నోడి అమ్మ: అత్తగారి నడక గురించి ఎవరైనా చెబుతారా?

ఫ్రీమాంట్ పాతకాపు: లా పురిసిమా వదిలేయమ్మా, పెద్ద పార్కు, ఎండలో తిరగాలి. శాన్ ఆంటోనియో సైనిక స్థావరం మధ్యలో ఉంది, లైసెన్సు దగ్గరుంచుకోండి, కారుకి గ్యాస్ (పెట్రోలు) ముందే కొట్టించండి. తిండికి పులిహోర కట్టుకోండి.

గుంటూరు మేరీ: పొద్దున్నే చపాతీలు చేసుకుంటే చాలదూ? కారు నిండా పులుసు వాసన ఎందుకు?