బోరు నీటిలో యురేనియం: మరిగిస్తే పోతుందా?

ప్రశ్న: మా బోరు నీటిలో లీటరుకు 48 మైక్రోగ్రాముల యురేనియం ఉందని రిపోర్టు వచ్చింది. నీళ్లు తేటగానే ఉన్నాయి, రుచిలోనూ తేడా లేదు. పాలపొడి తాగే పాప ఉంది. మరిగిస్తే సరిపోతుందా? స్నానం మాటేమిటి? రేడియేషన్ అనగానే మా అత్తగారికి నిద్ర పట్టడం లేదు.

జవాబు: నీటి పరీక్షలే నా పని. మరిగించకండి! ఆవిరయ్యేది నీరే, యురేనియం గిన్నెలోనే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. మీది దాటింది కానీ, ఈ పూటే ఆస్పత్రికి పరుగెత్తాల్సినంత కాదు. అత్తగారికి చెప్పండి: యురేనియం-238 అర్ధాయువు (అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం) దాదాపు 447 కోట్ల సంవత్సరాలు, అంత నింపాదిగా క్షీణించే పదార్థం నుంచి రేడియేషన్ తక్కువే. అసలు బెడద రసాయన విషం, అదీ మూత్రపిండాలకు. మింగినదాంట్లో రక్తంలోకి చేరేది కొద్ది శాతమే. అయినా ఇలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మూత్రపిండాల్లోని సన్నని నాళికలు దెబ్బతినవచ్చు. పాప పాలకు మాత్రం ఇవాళే వేరే నీళ్లు వాడండి. స్నానానికి, బట్టలకు ఇబ్బంది లేదు; చర్మం గుండా లోపలికి పెద్దగా పోదు.

మరో ప్రశ్న: మా ఇంట్లో బొగ్గు ఫిల్టరు ఉంది. చాలదా?

జవాబు: క్లోరిన్ వాసనకు చాలు, దీనికి నమ్మలేం. ఆర్వో లేదా అయాన్ మార్పిడి ఫిల్టరు (యురేనియాన్ని పట్టుకుని, బదులుగా వేరే అయాన్లను నీటిలోకి వదిలేది) కావాలి. బిగించాక వడకట్టిన నీటినే మళ్లీ పరీక్షించండి. అమ్మేవాడి మాట రిపోర్టు కాదు.