మన పెరట్లో చెట్టు కొట్టడానికి వేరేవాళ్ల అనుమతి ఎందుకు?

పెరటిమనిషి:
ఈ చెట్టు నేనే నాటాను, ఇరవై ఏళ్లు నీళ్లు పోసి పెంచాను. ఇప్పుడు దాని వేళ్లు ప్రహరీ గోడను ఎత్తేస్తున్నాయి. కొట్టేద్దామంటే స్థానిక సంస్థ అనుమతి కావాలన్నారు. అప్లికేషన్ పెట్టి మూడు నెలలైంది, వచ్చి చూసిన నాథుడు లేడు. స్థలం నాది, పన్ను కట్టేది నేను, చెట్టు మాత్రం అందరిదీనా?

కానుగనీడ:
చెట్టు మీదేనండీ, నీడ మీ ఒక్కరిదే కాదు. రోడ్డు మీద నడిచేవాళ్లకీ, పక్కింటి గోడకీ అది ఎండ తగలకుండా కాస్తోంది. ఇల్లు మీదే అయినా ఇంకో అంతస్తు వేయాలంటే ప్లాన్ అప్రూవల్ తీసుకుంటారు కదా, ఇదీ అలాంటిదే. కొత్త రూలేమీ కాదు. బ్రిటన్‌లో 1947 ప్రణాళికా చట్టంలోనే ప్రైవేటు స్థలాల్లోని చెట్లనూ కాపాడే ఉత్తర్వులకు చోటుంది. టొరంటోలో 1.4 మీటర్ల ఎత్తు దగ్గర కొలిస్తే మాను అడ్డుకొలత 30 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న చెట్టును కొట్టడానికి మామూలుగా అనుమతి కావాలి.

తిరగలి:
సరే, 30 దాటితే అనుమతి. మరి 28కి వచ్చిన చెట్టు సంగతేంటి? 'ఇప్పుడే కొట్టేస్తే గొడవ ఉండదు' అనుకోడా యజమాని? అమెరికాలోని నార్త్ కరోలినాలో జరిగింది ఇదే. అప్పట్లో అంతరించిపోతున్న పక్షుల జాబితాలో ఉన్న ఒక రకం వడ్రంగిపిట్ట ముసలి పైన్ చెట్లలో గూడు కడుతుంది. పిట్ట వాలితే కొట్టనివ్వరు. దాంతో పిట్టలున్న చోటుకు దగ్గర్లోని భూయజమానులు చెట్లు ముదరకముందే నరికేశారని 2003లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలతో చూపించారు. కాపాడడానికి పెట్టిన రూలే గొడ్డలికి పదును పెట్టింది.

కానుగనీడ:
అది కలప వ్యాపారం సంగతండీ. పెరట్లో చెట్టును ఎవరూ కలప కోసం పెంచరు. అయితే 28 సెంటీమీటర్ల మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు, ఒప్పుకుంటాను.

కొమ్మలుకొట్టేవాడు:
చెట్ల పనే నా వృత్తి కాబట్టి చెబుతున్నా. మీరంతా గొడ్డలి గురించే మాట్లాడుతున్నారు. చెట్టు చావడానికి గొడ్డలి అక్కర్లేదు. మొదలు చుట్టూ బెరడు ఒక పట్టీలా ఒలిచేస్తే ఆకులు చేసిన ఆహారం వేళ్లకు దిగదు, మెల్లగా ఎండిపోతుంది. మొదలు దాకా సిమెంటు పోసినా అంతే, వేళ్లకు గాలీ నీళ్లూ అందవు. చాలామంది వేళ్లు పాతాళానికి పోతాయనుకుంటారు. ఎక్కువ వేళ్లు పైపైన మీటరు లోతులోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి బయటికి పోతాయి. పునాది కోసం జేసీబీ ఒక్క కాలువ తవ్విందంటే ఒక పక్క వేళ్లన్నీ తెగుతాయి. చెట్టు వెంటనే పడదు. రెండు మూడేళ్లకు తల ఎండుతుంది, అప్పటికి ఇల్లు కట్టినవాడు సంబంధం లేనట్టు ఉంటాడు. జర్మనీలో నిర్మాణ పనుల ప్రమాణం కొమ్మల అంచు నుంచి ఇంకో 1.5 మీటర్లు కలిపి వేళ్ల చోటుగా లెక్కేస్తుంది. నరకడాన్ని మాత్రమే పట్టుకునే రూలు సగం రూలే.

తిరగలి:
ఆ 1.5 మీటర్లు కూడా కలిపితే చిన్న స్థలం ఉన్నవాడు ఇల్లెక్కడ కట్టుకోవాలి? కోర్టులూ ఇది చూస్తున్నాయి. మిషిగన్‌లోని కాంటన్‌లో చెట్లు తీసేస్తే కొత్తవి నాటు, లేదా నిధికి డబ్బు కట్టు అన్నారు. ఆ స్థలంలో అసలు ఎంత నష్టం జరిగిందో విడిగా చూడకుండా అడిగారని 2021లో అమెరికా ఫెడరల్ అప్పీల్ కోర్టు దాన్ని తప్పుపట్టింది.

కానుగనీడ:
పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడాలో చూశాం. ఇంటి స్థలంలో చెట్టు ప్రమాదకరమని నిపుణుడు రాసిస్తే చాలు, స్థానిక సంస్థ అనుమతి అడగకూడదని 2019లో చట్టం చేశారు. ఏది ప్రమాదమో సరిగ్గా చెప్పలేదు. చివరికి 2022లో సవరించాల్సి వచ్చింది. ప్రమాదం తగ్గించడానికి కొట్టడం తప్ప ఆచరణలో వేరే దారి లేనప్పుడే అని రాశారు.

పెరటిమనిషి:
చట్టాలు బాగానే ఉన్నాయి. మూడు నెలలు జవాబివ్వని ఆఫీసును ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

కానుగనీడ:
ఇంగ్లండ్‌లో పరిరక్షణ ప్రాంతాల్లో, అంటే పాత కట్టడాలూ చరిత్రా ఉన్నాయని ప్రత్యేకంగా కాపాడే పేటల్లో, ఒక పద్ధతి ఉంది. చెట్టు కొడతానని 6 వారాల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ లోపు స్థానిక సంస్థ రక్షణ ఉత్తర్వు వేయకపోతే కొట్టుకోవచ్చు. ఉత్తర్వున్న చెట్టుకు అనుమతి నిరాకరించి, దానివల్ల నష్టం వస్తే కొన్ని షరతులతో పరిహారం కూడా అడగొచ్చు.

తిరగలి:
మౌనం అర్ధాంగీకారం అన్నమాట! కొట్టొద్దన్నవాడే ఖర్చూ భరిస్తానంటే నాకింక పేచీ లేదు.

కొమ్మలుకొట్టేవాడు:
పెరటిమనిషి గారూ, ఒక్క మాట. గోడ ఎత్తుతున్నది ఒకటి రెండు వేళ్లే అయితే చెట్టు తీయక్కర్లేదు. ఆ ముక్క వరకు గోడ విప్పి, వేళ్లకు అటూ ఇటూ రెండు పునాదులు వేసి, పైన బీమ్ దాటించి మళ్లీ కట్టొచ్చు. వేరు బీమ్ కింద నుంచి పోతుంది. మొదలుకూ గోడకూ ఎంత దూరం ఉంది?

పెరటిమనిషి:
జానెడే అనుకుంటా. రేపు టేపుతో కొలిచి ఫోటో పెడతాను.