జిప్సీ కింద ఆయిల్ చుక్కలు: గేర్‌బాక్స్ దించాలా, కడిగి చూడాలా?

తాడ్వాయి_దారి
నాది 1998 జిప్సీ, 1.3 కార్బురేటర్ బండి. ములుగు అవతల మాకు పొలం ఉంది, వానాకాలంలో ఫోర్‌వీల్ వేయకుండా అక్కడికి చేరలేం. రాత్రి నిలిపిన చోట తెల్లారేసరికి అరచేయంత మరక పడుతోంది. క్లచ్ హౌసింగ్ అడుగున చుక్క వేలాడుతోంది, వెనక ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) కూడా తడిగా ఉంది. వరంగల్‌లో చూపిస్తే గేర్‌బాక్స్ దించి క్రాంక్ వెనక సీలు (ఇంజిన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు చుట్టు), గేర్‌బాక్స్ ముందు సీలు, పనిలో పనిగా క్లచ్ ప్లేటు మార్చాలన్నారు. దించమంటారా?

కాకతీయ_ఫోర్‌వీల్
దించండి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. క్లచ్ హౌసింగ్ నుంచి కారితే క్రాంక్ సీలే. నాకూ ఒక షెడ్డులో "చిన్న తడే, నడపండి" అన్నారు. పస్రా దాటి ఏటూరునాగారం అడవిలోకి వెళ్లాక ప్లేటుకు ఆయిల్ పట్టి క్లచ్ జారింది. ఇంజిన్ అరుస్తోంది, బండి కదలదు. పిల్లలతో చీకట్లో లారీ కోసం చూస్తూ నిలబడ్డాం. ఆ రాత్రి ఎవరికీ రాకూడదు.

నల్లరేగడి
కాకతీయ గారూ, మీ బాధ నిజమే. కానీ చుక్క పడే చోటే కారే చోటు అని ఎవరు చెప్పారు? ఆయిల్ పైనుంచి కిందికి దిగుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. జిప్సీలో డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకు కరెంటు పంచేది, ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ వెనక కొసన ఉంటుంది. దాని రబ్బరు రింగు గట్టిపడితే ఆయిల్ నేరుగా క్లచ్ హౌసింగ్ మీదికే జారుతుంది. కింద పడుకుని చూసేవాడికి అది క్రాంక్ సీలులాగే కనిపిస్తుంది. ముందు డీజిల్‌తో శుభ్రంగా కడగండి, ఆరనివ్వండి, పౌడరు చల్లండి, కాస్త దూరం తిప్పి చూడండి. అలాగే బ్రీదర్లు, అంటే గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసుల లోపలి గాలి బయటికి పోయే దారులు, చూడండి. మన బురద వాటిలో గడ్డకడితే, అవి వేడెక్కినప్పుడు లోపలి గాలికి దారి దొరకక మంచి సీలు నుంచి కూడా ఆయిల్ తోస్తుంది.

పరకాల_పత్తి
140 గ్రేడు గేర్ ఆయిల్ పోయండి. చిక్కగా ఉంటుంది, కారడం ఆగిపోతుంది.

నల్లరేగడి
దయచేసి గేర్‌బాక్స్‌లో అది పోయవద్దు. చలికాలం పొద్దున గేరు పడదు. పైగా వెనక ఇరుసు హౌసింగ్ (డిఫరెన్షియల్) కోసం చేసిన జీఎల్-5 రకం గేర్ ఆయిళ్లలో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. అవి కొన్ని గేర్‌బాక్సుల్లోని ఇత్తడి సింక్రో రింగులను (గేరు సాఫీగా పడేలా చేసేవి) తినేస్తాయి.

పరకాల_పత్తి
మా మామయ్య జీపులో పదేళ్లుగా 140యే.

కాజీపేట_రైలు
గేర్‌బాక్స్ ఆయిల్ ట్రాన్స్‌ఫర్ కేసులోకి దిగుతోంది. అందుకే రెండు చోట్లా తడి.

నల్లరేగడి
పాత విల్లీస్ తరహా జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కే బిగించి ఉంటుంది, వాటిలో అలా జరుగుతుంది. జిప్సీలో రెండూ వేరు, మధ్యలో పొట్టి షాఫ్టు ఉంటుంది. ఒకదాని ఆయిల్ ఇంకొకదానిలోకి వెళ్లే దారే లేదు.

కాకతీయ_ఫోర్‌వీల్
బ్రీదర్, పౌడరు, ఇత్తడి. ఈలోగా ఆయన క్లచ్ నానిపోతుంది. అడవిలో ఆగిపోతే మీరు వస్తారా?

నల్లరేగడి
దించడం ఒక్కటే మందు అనే షెడ్లను చాలా చూశాను. విప్పితేగానీ బిల్లు రాదు కదా వాళ్లకు.

ఆటోనగర్_పానా
ఇంతవరకూ చదివి ఊరుకున్నాను. ఇక చెబుతాను. నేనూ షెడ్డు మెకానిక్‌నే. కడిగి, పౌడరు చల్లి, తిప్పుకొచ్చి, మళ్లీ కింద పడుకుని వెతికితే ఒక పూట పోతుంది. చివరికి "ఈ చిన్న రబ్బరు రింగే అన్నా" అని చెబితే రింగు ధర ఇచ్చి బండి తీసుకుపోతారు. ఆ పూట కూలి ఎవరిస్తారు? అదే గేర్‌బాక్స్ దించితే మారు మాట్లాడకుండా ఇస్తారు. వెతకడం కూడా పనే అని మీరు ఒప్పుకోరు. వెతకకుండా విప్పామని మమ్మల్నే తిడతారు.

నల్లరేగడి
కూలి అడగండి, ఇస్తాం. అడగకుండా గేర్‌బాక్స్ ఎందుకు దించుతారు?

ఆటోనగర్_పానా
అడిగాను. పక్క షెడ్డుకు వెళ్లిపోయారు.

కాకతీయ_ఫోర్‌వీల్
నా బండిని ఆ రోజు ఎవరైనా డబ్బు తీసుకునైనా ఒక పూట చూసి ఉంటే బాగుండేది. ఎంతైనా ఇచ్చేవాణ్ణి.

తాడ్వాయి_దారి
కడిగి చూశాను. ములుగు వరకు వెళ్లివచ్చి బానెట్ ఎత్తితే, డిస్ట్రిబ్యూటర్ కింద తెల్లటి పౌడరు మీద దారమంత నల్లటి గీత, హెడ్ వెనక నుంచి క్లచ్ హౌసింగ్ దాకా దిగింది. అడుగు రేకు విప్పి వేలు పెట్టి చూశాను. లోపల క్లచ్ దుమ్ము పొడిగానే ఉంది, తడి అంతా బయటే. వాసన కూడా ఇంజిన్ ఆయిల్‌దే, గేర్ ఆయిల్‌కు ఉండే గంధకం ఘాటు లేదు.

కాకతీయ_ఫోర్‌వీల్
సరే, అది ముందు భాగం. మరి ట్రాన్స్‌ఫర్ కేసు?

తాడ్వాయి_దారి
అక్కడ మాత్రం గంధకం వాసనే. వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే చోట సీలు చుట్టూ చెమ్మ ఉంది. సీలుకు పైనున్న కేసు గోడ పొడిగా ఉంది.

నల్లరేగడి
బ్రీదర్ చూశారా?

ఆటోనగర్_పానా
బ్రీదర్ ఊదండి, కానీ ముందు షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. ఆడుతుంటే బేరింగు పోయినట్టు. అప్పుడు కొత్త సీలు వేసినా నిలవదు. ఆడకపోతే షాఫ్టు విప్పి సీలు ఒక్కటి మార్చితే చాలు, గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. లెవెల్ బోల్టు విప్పి ఆయిల్ ఎంతుందో చూడకుండా పొలానికి మాత్రం వెళ్లవద్దు.

తాడ్వాయి_దారి
అన్నా, మీ షెడ్డుకే తెస్తాను. వెతికే కూలి ఎంతో ముందే చెప్పండి.

ఆటోనగర్_పానా
రాత్రే తెచ్చి వదలండి. ఇంజిన్ చల్లగా ఉండగా చూడాలి. కూలి సగం పూటది.

పరకాల_పత్తి
సీలు మార్చాక ట్రాన్స్‌ఫర్‌లోనైనా 140 పోయవచ్చా?