సాంబా నేమ్ లుకప్ ప్యాచ్: ఒకే అడ్రసు మూడుసార్లు, సరిగ్గా 5 సెకన్ల ఆలస్యం

నిబుల్16 (ప్రశ్న)

సాంబా (విండోస్ ఫైల్ షేరింగ్‌ని లైనక్స్ వంటి వాటిలో నడిపే సాఫ్ట్‌వేర్) సోర్సులోని నేమ్‌క్వెరీ.సి నుంచి హోస్ట్ లుకప్‌ను (పేరుకి అడ్రసు వెతికే భాగం) నా బ్రాంచిలో విడి ఫంక్షనుగా తీశాను. లోపల గెట్‌యాడర్‌ఇన్ఫో (పేరు ఇస్తే అడ్రసుల జాబితా ఇచ్చే లైబ్రరీ ఫంక్షను) పిలుస్తున్నాను. ఫ్యామిలీ ఏఎఫ్_అన్‌స్పెక్ (ఐపీవీ4, ఐపీవీ6 ఏదైనా సరే), మిగతా హింట్స్ (ఎలాంటి అడ్రసులు కావాలో చెప్పే ఫీల్డులు) అన్నీ సున్నా. వచ్చిన ప్రతి అడ్రసు నుంచి ఫ్యామిలీనీ, అడ్రసు బైట్లనూ నా స్ట్రక్చర్‌లోకి కాపీ చేస్తున్నాను. దొరికితే ట్రూ, లేకపోతే ఫాల్స్. రెండు ఫలితాలనూ 660 సెకన్లు కాష్‌లో ఉంచుతున్నాను (నేమ్ కాష్ టైమౌట్ డిఫాల్ట్ అదే కదా).

తేడాలు ఇవీ: ప్రతి అడ్రసూ మూడుసార్లు వస్తోంది. డాట్ లోకల్ పేరుకి ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రసు దొరికినా కనెక్ట్ దగ్గర ఈఇన్‌వాల్ (చెల్లని ఆర్గ్యుమెంటు అనే ఎర్రర్). కొన్ని నెట్‌వర్కుల్లో మొదటి లుకప్‌కి సరిగ్గా 5 సెకన్లు పడుతోంది, ఏఎఫ్_ఐనెట్ (ఐపీవీ4) మాత్రమే ఇస్తే వెంటనే వస్తుంది. నేమ్ రిజాల్వ్ ఆర్డర్ డిఫాల్టే: ఎల్‌ఎంహోస్ట్స్ (పేర్ల ఫైలు), విన్స్ (నెట్‌బయాస్ పేర్ల సర్వరు), హోస్ట్ (హోస్ట్స్ ఫైలు, డీఎన్‌ఎస్), బీకాస్ట్ (లోకల్ నెట్‌వర్కులో అందరినీ అడగడం).

పోర్ట్445

మొదటిది తేలిక. సాకెట్ టైపు సున్నా అంటే స్ట్రీమ్, డేటాగ్రామ్, రా మూడింటికీ ఒక్కో ఎంట్రీ ఇస్తుంది. హింట్స్‌లో సాక్_స్ట్రీమ్ పెట్టండి. అయినా డూప్లికేట్లు తీసే కోడ్ ఉంచండి, హోస్ట్స్ ఫైల్లో ఒకే లైను రెండుసార్లు ఉండే మెషీన్లకు కొదవ లేదు. పోల్చేటప్పుడు సాక్‌యాడర్_స్టోరేజ్ (అడ్రసు ఉంచే స్ట్రక్చర్) మొత్తం మీద మెమ్‌కంప్ (బైటుకి బైటు పోలిక) వద్దు. ప్యాడింగ్‌లో చెత్త ఉంటే ఒకే అడ్రసు వేరుగా కనిపిస్తుంది. ఫ్యామిలీ, అడ్రసు, స్కోప్ ఐడీ ఈ మూడే పోల్చండి.

రెండోదానికి కారణం మీ కాపీయే. లింక్-లోకల్ అడ్రసు ఏ ఇంటర్‌ఫేస్‌దో చెప్పేది సిన్6_స్కోప్_ఐడీ. 16 బైట్లు మాత్రమే తీసుకుంటే అది పోతుంది, ఏ కార్డు మీద పంపాలో కెర్నల్‌కి తెలియదు. గెట్‌యాడర్‌ఇన్ఫో ఇచ్చిన ఏఐ_యాడర్‌ని (అడ్రసు) ఏఐ_యాడర్‌లెన్ (దాని పొడవు) మేరకు యథాతథంగా కాపీ చేసి, ఆ పొడవునూ పక్కన దాచండి. కనెక్ట్‌కి సైజాఫ్ సాక్‌యాడర్_స్టోరేజ్ ఇచ్చినా లైనక్స్ ఊరుకుంటుంది, ఫ్రీబీఎస్‌డీ మాత్రం ఈఇన్‌వాల్ ఇస్తుంది. సాంబాలో సాంబా_సాక్‌యాడర్ అనే స్ట్రక్చర్ ఈ పొడవుని కూడా పట్టుకునే ఉంటుంది. కొత్తది రాయకుండా దాన్నే వాడండి.

గూడచారి_టీసీపీడంప్

5 సెకన్ల సంగతి: ఏఎఫ్_అన్‌స్పెక్ అంటే జీలిబ్‌సీ (లైనక్స్ సి లైబ్రరీ) ఏ (ఐపీవీ4), క్వాడ్-ఏ (ఐపీవీ6) ప్రశ్నలు రెండింటినీ ఒకే సాకెట్ మీద వెంటవెంటనే పంపుతుంది. కొన్ని రౌటర్లలోని డీఎన్‌ఎస్ ఫార్వర్డర్లు ఒకదానికే జవాబిచ్చి రెండోదాన్ని పారేస్తాయి. రిజాల్వ్.కాన్ఫ్‌లో (డీఎన్‌ఎస్ సెట్టింగుల ఫైలు) టైమౌట్ డిఫాల్ట్ 5 సెకన్లు, అందుకే సరిగ్గా 5. పోర్టు 53 మీద డంప్ పెట్టి చూడండి: ఏ జవాబు వెంటనే, 5 సెకన్ల నిశ్శబ్దం, తర్వాత రెండు ప్రశ్నలూ మళ్లీ ఒకదాని వెనక ఒకటి. అలా ఉంటే ఆ మెషీన్లో సింగిల్-రిక్వెస్ట్-రీఓపెన్ ఆప్షన్ (రెండో ప్రశ్నకి కొత్త సాకెట్ తెరిపించేది) రిజాల్వ్.కాన్ఫ్‌లో పెట్టాలి. మీ కోడ్‌లో దీనికి అతుకులు వేయకండి. ఏఐ_యాడర్‌కాన్ఫిగ్ (మెషీన్లో ఉన్న ఐపీ రకానికే అడగమనే ఫ్లాగ్) కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు, లింక్-లోకల్ అడ్రసు ఒక్కటున్నా ఐపీవీ6 ఉన్నట్టే లెక్క.

నాకు అసలు భయం ఆ ట్రూ/ఫాల్స్. ఈఏఐ_నోనేమ్ అంటే "ఆ పేరు లేదు". ఈఏఐ_అగైన్ అంటే "అడగలేకపోయాను". రెండూ ఫాల్స్ అయిపోతే, డీఎన్‌ఎస్ సర్వరు ఒక్క నిమిషం పడుకున్నా మీ క్లయింటు 11 నిమిషాలు ఆ పేరే లేదంటుంది. ఫంక్షను ఎన్‌టీస్టేటస్ (కారణం చెప్పే ఎర్రర్ కోడ్) తిప్పి పంపాలి. నోనేమ్‌ని తక్కువసేపు కాష్ చేసినా ఫరవాలేదు, అగైన్‌ని అసలు చేయకూడదు.

నిబుల్16

డంప్‌లో అచ్చం అలాగే ఉంది. నోనేమ్ వచ్చాక బీకాస్ట్‌కి వెళ్లడం సబబేనా?

పోర్ట్445

పేరులో చుక్క లేకుండా, 15 అక్షరాల లోపు ఉంటేనే. నెట్‌బయాస్ (బీకాస్ట్, విన్స్ వాడే పాత విండోస్ పేర్ల పద్ధతి) పేరు 16 బైట్లు, చివరిది టైపు (ఫైల్ సర్వరుకి హెక్స్ 20). 19 అక్షరాల పేరుని 15కి కోస్తే చివర 01, 02 అని మాత్రమే తేడా ఉన్న రెండు సర్వర్లూ ఒకటే అయిపోతాయి. కాబట్టి కోయడం కాదు, ఆ మెట్టే దాటేయండి. బీకాస్ట్ ఖర్చు తక్కువే: ఆర్‌ఎఫ్‌సీ 1002 (నెట్‌బయాస్ ప్రమాణ పత్రం) లెక్కన 250 మిల్లీసెకన్ల చొప్పున 3 ప్రయత్నాలు, ముప్పావు సెకను. అదే విన్స్ సర్వరుకి నేరుగా పంపితే 5 సెకన్ల చొప్పున 3.

గూడచారి_టీసీపీడంప్

టెస్టులకి ఎన్‌ఎస్‌ఎస్_ర్యాపర్‌ని (పేర్ల వెతుకులాటను మళ్లించే టెస్టు లైబ్రరీ) ఎల్‌డీ_ప్రీలోడ్‌తో (ప్రోగ్రాముకి ముందే లైబ్రరీ ఎక్కించే పద్ధతి) పెట్టి సొంత హోస్ట్స్ ఫైలు ఇస్తే డూప్లికేట్ల కేసు వస్తుంది. టైమౌట్ కేసుకి నేమ్‌సర్వరుగా 127.0.0.1లో మూసి ఉన్న పోర్టు చూపిస్తే లాభం లేదు, తిరస్కారం వెంటనే వచ్చేస్తుంది. 192.0.2.1 పెట్టండి, డాక్యుమెంటేషన్ కోసం కేటాయించిన రేంజి కనుక అక్కడ మాట్లాడేవాళ్లుండరు. ఒకే సర్వరు, డిఫాల్ట్ 2 ప్రయత్నాలు: 10 సెకన్ల తర్వాత ఈఏఐ_అగైన్ రావాలి. దారిలో ఏదైనా ఫైర్‌వాల్ "అన్‌రీచబుల్" అని తిప్పి కొడితే ముందే తెగిపోతుంది, అప్పుడు ఆ ప్యాకెట్లను లోకల్‌గానే ఐపీటేబుల్స్‌లో డ్రాప్ చేయండి. ప్రతి పరుగుకీ ముందు నెట్ కాష్ ఫ్లష్ మరవద్దు, లేకపోతే మీరు కొలిచేది కాష్‌నే.