ల్యాప్‌టాప్ వేడెక్కి ఉన్నట్టుండి ఆగిపోతోంది: మీరేం చేశారు?

బెజవాడ అన్నయ్య:
మా చెల్లెలి ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది. ఎండలు ముదిరినప్పటి నుంచి పని మధ్యలో టక్కున ఆగిపోతోంది. హెచ్చరిక ఏమీ రాదు. ఛార్జింగ్ నిండుగానే ఉంటుంది. కాసేపు పక్కన పెడితే మామూలుగా ఆన్ అవుతుంది. దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలన్నారు. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే వాడిన ల్యాప్‌టాప్ మంచిదే వస్తుంది. వాళ్ల మాట నమ్మవచ్చా?

ఓరుగల్లు రిపేర్లు:
చల్లారాక బాగా పనిచేస్తోందంటే బోర్డు పోయిందని అప్పుడే తేల్చేయకండి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి రాగానే వేగం తగ్గించుకుంటాయి. అయినా వేడి దిగకపోతే, చిప్ కాలిపోకుండా యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. ముందు వేడి కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, అంకెలు ఫైలులో నమోదయ్యేలా పెట్టండి. ఆగిపోయాక చివరి అంకె ఎంతో తెలుస్తుంది. 95 దాటి ఉంటే వేడే కారణం. 60 దగ్గరే ఆగితే ఛార్జర్, బ్యాటరీ, బోర్డు వైపు చూడాలి.

బెజవాడ అన్నయ్య:
ధన్యవాదాలండీ. ఏ పనీ చేయనప్పుడే 78 చూపిస్తోంది. ఆగే ముందు 99. చలికాలంలో ఈ గొడవ లేదు, అదే అర్థం కావడం లేదు.

కాకినాడ లెక్చరర్:
గది పది డిగ్రీలు వేడెక్కితే లోపల చిప్ కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. చలికాలంలో అంచున నెట్టుకొచ్చింది, మే నెలలో హద్దు దాటింది. నాదీ ఇలాగే చేసింది. బయటి నుంచి చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. విప్పి ఫ్యాను పక్కకు తీస్తే అసలు సంగతి బయటపడింది: ఫ్యానుకూ, గాలి బయటకు పోయే సన్నని లోహపు రేకులకూ మధ్య దుమ్ము కంబళి ముక్కలా అట్టకట్టి ఉంది. వేలితో పట్టి లాగితే ఒకే పొరగా వచ్చింది. ఫ్యాను ఎంత తిరిగినా గాలికి దారే లేదు! విప్పేటప్పుడు మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా పుల్లతో ఆపాలి, లేకపోతే బేరింగు పాడవుతుంది.

ఓరుగల్లు రిపేర్లు:
చక్కగా చెప్పారు సార్. నాలుగేళ్లంటే థర్మల్ పేస్టు (చిప్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే ముద్ద) కూడా ఎండిపోయి ఉంటుంది. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిన్న బొట్టు పెడితే చాలు. హీట్‌సింక్ (చిప్ వేడిని లాక్కునే లోహపు భాగం) స్క్రూల పక్కన చాలావాటిలో 1, 2, 3, 4 అని ముద్రించి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలో కొంచెం కొంచెంగా బిగించాలి, విప్పేటప్పుడు తిరగేసి.

డల్లాస్ తెలుగు:
అంతవరకు పని నడవాలంటే విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి దించండి. టర్బో (ప్రాసెసర్ మామూలును మించి అందుకునే అదనపు వేగం) ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. కొన్నింటిలో ఈ అమరిక కనిపించదు. పరుపు మీద పెట్టి వాడవద్దని చెల్లికి చెప్పండి, అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

నెల్లూరు వాసి:
కూలింగ్ ప్యాడ్ కొంటే సరిపోదా?

ఓరుగల్లు రిపేర్లు:
లోపల దారి మూసుకుపోయినప్పుడు అడుగు నుంచి ఎంత గాలి కొట్టినా లాభం ఉండదు. శుభ్రం చేశాక కావాలంటే కొనుక్కోండి.

బెజవాడ అన్నయ్య:
వేరే చోట శుభ్రం చేయించి పేస్టు మార్పించాం. ఖాళీగా 51, పనిలో 83. ఆగడం లేదు. బోర్డు జోలికి పోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

నెల్లూరు వాసి:
నాది కూడా వేడెక్కుతోంది కానీ, టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచింది.

ఓరుగల్లు రిపేర్లు:
అయితే అది దుమ్ము కాదండీ, బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. వెంటనే ఆపి ఛార్జర్ తీసేయండి. నొక్కి సరిచేయాలని చూడకండి, గుచ్చుకుంటే మంటలు అంటుకోవచ్చు. ఈరోజే బ్యాటరీ తీయించండి.